డ్రాయింగులో తగ్గిన మనిషి

వర్క్‌షాప్, పై అంతస్తు గది
ఫిబ్రవరి 3

మామయ్యకు,

ఫోను చేస్తే మీకు వినపడదు. మెసేజ్ పెడితే "చీమలు పాకినట్టుంది, నా వల్ల కాదు" అని వదిన చేత చెప్పించారు. అందుకని కాగితమూ కలమూ పట్టుకున్నాను. మీరు పని మానేసి వదిన దగ్గరికి వెళ్ళి ఏడాదిన్నర అయింది. కంపెనీ పెట్టిన పెద్దాయన నన్ను ఈ డైరెక్టర్ కుర్చీలో కూర్చోబెట్టి పద్నాలుగు నెలలు.

కంపెనీ బాగానే నడుస్తోంది. మనం మరమ్మతు చూసే లిఫ్టులు రెండువందల అరవై. ఆరంతస్తుల ఆసుపత్రి ఒకటి కడుతున్నారు, రోగుల మంచాలు పట్టే లిఫ్టులు నాలుగు కావాలట. మూడు కంపెనీలను పిలిచారు. వాటిలో మనదొకటి.

నా గదికి అద్దాల తలుపు పెట్టించాను. కింద మోటార్లు పరీక్షించే చప్పుడు ఇప్పుడు పైకి రావడం లేదు. భోజనం కూడా పైకే తెప్పించుకుంటున్నాను. టైం కలిసొస్తోంది.

మీరు సంతోషించే సంగతి ఒకటుంది. మన పెన్సిల్ ఇంకా అక్కడే ఉంది. కొత్త డ్రాయింగు ఏది వేసినా రెండు రోజులు గేటు పక్క గోడకు అంటిస్తున్నాం. దారానికి కట్టిన పెన్సిలూ పక్కనే వేలాడుతోంది. తప్పు కనిపిస్తే ఎవరైనా, ఊడ్చే మనిషైనా సరే, దాని మీద గీత పెట్టొచ్చన్నది పెద్దాయన పెట్టిన పద్ధతి కదా. మీ డ్రాయింగు ఒక్కోదాని మీద ఎనిమిదీ పదీ గీతలు పడేవి. నేను కుర్చీ ఎక్కాక పంతొమ్మిది డ్రాయింగులు వేశాను. ఒక్క గీత పడలేదు మామయ్యా. ఒక్కటి కూడా.

మీ దగ్గర నేర్చుకున్న చెయ్యి ఇది.

మీ పానాపిల్ల


వదిన ఇల్లు, వెనక వరండా
ఫిబ్రవరి 12

పానాపిల్లా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "ఏం రాసింది?" అని మా అమ్మాయి, అదే మీ వదిన, పలక మీద రాసి చూపించింది. "అంతా బాగుందట" అన్నాను. "మరి మొహం అలా పెట్టావేం?" అని రాసింది. ఈ ఇంట్లో నాతో మాట్లాడాలంటే సుద్దముక్క కావాలి. దాంతో అనవసరమైన మాటలు తగ్గాయి. అదొక లాభం.

నలభై రెండేళ్ళు ఆ గోడ ముందు తిరిగినవాణ్ణి. గీత లేని కాగితం అక్కడ ఒక్కటే చూశాను. అంటించినవాడు పొరపాటున తిరగేసి అంటించాడు. అరగంటలో దాని మీద కూడా ఎవరో "ఇటు తిప్పండి" అని రాసిపోయారు.

నీకు గుర్తుందో లేదో, నువ్వు చేరిన మూడో వారంలో నా డ్రాయింగు మీద గీత పెట్టావు. పక్కన "ఈ బోల్టు బిగించడానికి చెయ్యి ఎటునుంచి పోతుంది?" అని రాశావు. వయసు ఇరవై మూడు, చేతిలో పానా, మొహం నిండా గ్రీజు. వారం రోజులు నీతో మాట్లాడలేదు. ఆ తర్వాత బోల్టు పక్కకు జరిపాను. ఆ లిఫ్టు ఇప్పటికీ నడుస్తోంది.

బాగుందంటే నాకు అర్థం కాదు, లెక్క చెప్పు. పోయిన ఏడు కొత్త లిఫ్టులు ఎన్ని చేశారు? ఎవరితో కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళయింది? "కాదు, నువ్వు చెప్పేది తప్పు" అని నీతో చివరిసారి అన్నది ఎవరు?

మామయ్య


వర్క్‌షాప్, పై అంతస్తు గది
ఫిబ్రవరి 20

మామయ్యకు,

మీ ఉత్తరం చదివితే కోపం వచ్చింది. అది తగ్గాక రాస్తున్నాను. తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది.

పోయిన ఏడు చేసిన కొత్త లిఫ్టులు పదకొండు. మీరు దిగిపోయిన ఏడు ముప్ఫై నాలుగు. ఇప్పుడు ఇళ్ళు కట్టేవాళ్ళందరూ పెద్ద కంపెనీల నుంచి రెడీమేడ్ లిఫ్టు తెప్పించుకుంటున్నారు. మరమ్మతు పని మీద ఇరవై మంది బతకొచ్చు. మనం నాతో కలిపి అరవై ఒక్కరం. ఆసుపత్రి పని రాకపోతే జూన్ ఆఖరుకి వర్క్‌షాప్ మూతపడుతుంది. ఈ సంగతి తెలిసింది నాకూ అకౌంటెంటుకూ మాత్రమే. పెద్దాయనకు ఒంట్లో బాగుండటం లేదు, ఆయనకీ చెప్పలేదు.

ఆగస్టు నుంచి ఒక్కదాన్నే తింటున్నాను. మొదట్లో కిందికే వెళ్ళేదాన్ని. నేను కూర్చోగానే ఆ బల్ల పరీక్ష హాలయ్యేది. ఒకరోజు మెట్ల మీద ఉండగా పొడుగు మేస్త్రి గొంతు వినిపించింది. నన్ను అనుకరిస్తున్నాడు: "ఎన్ని మిల్లీమీటర్లండీ? కచ్చితంగా చెప్పండి. సుమారు అనే మాట నా ముందు వద్దు." అచ్చం నేనే. నాకూ నవ్వొచ్చింది, నవ్వాను. ఆ చప్పుడుకి అందరూ తలలు తిప్పి చూశారు. చూసి, లేచి నిలబడ్డారు మామయ్యా. ఆ రోజు నుంచి వెనక మెట్లు వాడుతున్నాను. వాళ్ళ నవ్వు వాళ్ళకుంటుందని.

నన్ను కాదన్నవాళ్ళు ఎవరూ లేరు. "సరే మేడమ్" అంటారు. మొన్న ఒకరోజు ఆ మాట లెక్కపెట్టాను. నలభై ఒకటి.

పోయిన శనివారం ఒంటిగంటకు గేటు దగ్గర వాచ్‌మన్‌తో "వస్తాను" అన్నాను. ఆ తర్వాత నేను మాట్లాడింది సోమవారం పొద్దున ఎనిమిదీ ఇరవైకి, మళ్ళీ అతనితోనే. మధ్యలో ఎవరితోనూ ఒక్క మాట లేదు. "బాగున్నావా" అనబోతే గొంతు పెగల్లేదు. దగ్గి, మళ్ళీ అడగాల్సి వచ్చింది.

చెప్పెయ్యమంటారేమో. పడవకు చిల్లు పడిందని సరంగు కేకేస్తే ముందు దూకేది ఈత వచ్చినవాళ్ళే. మంచి చేతులు ముందు పోతాయి. అందుకే మోస్తున్నాను. మోయగలను కూడా, ఆ విషయంలో మీకు సందేహం వద్దు.

మార్చి 28న ఆసుపత్రివాళ్ళు వస్తారు. లిఫ్టు గదిని అసలు సైజులో చెక్కతో కట్టి చూపించాలి. వాళ్ళు మంచం తెచ్చి పెట్టి చూసుకుంటారట. డ్రాయింగు రెండు రోజులు గోడ మీద ఉంది. గీత పడలేదు. సోమవారం చెక్కపని మొదలు.

పానాపిల్ల


వదిన ఇల్లు
మార్చి 1

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చిన రోజే ఇంకొకటి వచ్చింది. అదీ వర్క్‌షాప్ నుంచే. రాసిందెవరో చెప్పను. అందులో ఉన్నది ఇంతే: "ఆసుపత్రి డ్రాయింగులో ఒక మనిషి తగ్గాడు. ఆ మాట మేడమ్‌కి ఎవరు చెప్పాలో మాకు తెలీడం లేదు."

తగ్గిన మనిషి ఎవరో నాకూ తెలీదు. తెలిసినా రాయను. ముందు మెట్ల మీదుగా దిగి, అడుగు.

మామయ్య


వర్క్‌షాప్
మార్చి 6

మామయ్యకు,

డ్రాయింగు ముందేసుకుని మూడు గంటలు చూశాను. గది కొలతలు సరిపోయాయి, తలుపు సరిపోయింది, మోసే బరువూ సరిపోయింది. మంచం పొడవు ఆ మంచాలు చేసే కంపెనీ పుస్తకంలోంచే తీసుకున్నాను. తప్పెక్కడ?

మూడువందల మైళ్ళ అవతల ఉన్న మీకు ఉత్తరం రాయడానికి చెయ్యి ఆడింది గానీ, గేటు పక్కనున్న పెన్సిల్ పట్టుకోవడానికి ఆడలేదా? రాసింది పొడుగు మేస్త్రేనా? మీరు దాచిపెట్టడం ఏమిటి? మీరు నా పక్షమా, వాళ్ళ పక్షమా?

నేను దిగి వెళ్ళి "నాకు తెలీడం లేదు, చెప్పండి" అంటే ఇక ఈ కుర్చీకి మిగిలేదేమిటి? మీరు ఇరవై ఏళ్ళు హెడ్ మేస్త్రీగా చేశారు. "నాకు తెలీదు" అని మీ నోట నేను ఒక్కసారి వినలేదు. చివర్లో అయితే ఎవరితోనూ కూర్చుని టీ కూడా తాగేవారు కాదు. మిమ్మల్ని చూసే నేర్చుకున్నాను మామయ్యా. ఇప్పుడు వేరే పాఠం చెప్తే ఎలా?

పానాపిల్ల


వదిన ఇల్లు
మార్చి 11

పానాపిల్లా,

నేను టీకి ఎందుకు కూర్చోలేదో చెప్తాను. ఇది మీ వదినకు కూడా చెప్పలేదు.

చెవులు పోయింది పని మానేశాక అని మీరందరూ అనుకుంటున్నారు. కాదు. దిగిపోవడానికి తొమ్మిదేళ్ళ ముందే పోవడం మొదలైంది. మోటారు బాగోగులు చప్పుడు విని చెప్పేవాణ్ణి కదా. వినపడని మేస్త్రికి మోటారు ఎవరిస్తారు? అందుకని దాచాను. దాని మీద చెయ్యి పెట్టి, అదురు చూసి చెప్పేవాణ్ణి. నలుగురు కూర్చున్నచోట మాటలు అందేవి కావు, నవ్వాల్సినచోట కాకుండా ఇంకోచోట నవ్వేవాణ్ణి. అందుకని కూర్చోవడం మానేశాను. పొగరుబోతు మేస్త్రి అన్నారు. చెవిటి మేస్త్రి అనిపించుకోవడం కంటే ఆ పేరే గౌరవంగా ఉందనుకున్నాను.

ఒకసారి మార్కెట్ భవనంలో లిఫ్టు చూడ్డానికి పోయాం. బేరింగు అరుస్తోందట. దాని పక్కనే నిలబడి "బాగుంది" అని సంతకం పెట్టి వచ్చేశాను. పొడుగాడు నాకు చెప్పకుండా వెనక్కి పోయి, బేరింగు మార్చి వచ్చాడు. ఆ సంగతి నాలుగేళ్ళు దాచి, నేను దిగిపోయే రోజు దండ వేస్తూ చెప్పాడు. చెవికి దగ్గరగా అరిచి చెప్పాడు. వాడికి నా చెవుల సంగతి ముందే తెలుసు. అందరికీ తెలుసు. ఎవరికీ తెలీదనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నన్ను చూసి నేర్చుకున్నానన్నావు. పని నేర్చుకున్నావు, మంచిదే. ఇది మాత్రం నేను నీకు నేర్పింది కాదు, నువ్వు నా దగ్గర అంటించుకున్నది.

వాళ్ళకు నీ జూన్ సంగతి తెలీదని నీకెలా తెలుసు?

ఎవరి పక్షమని అడిగావు. ఆ గోడ పక్షం.

మామయ్య


వర్క్‌షాప్, కింద భోజనం బల్ల
ఏప్రిల్ 9

మామయ్యకు,

మార్చి 15, పన్నెండున్నరకు ముందు మెట్ల మీదుగా దిగాను. ఒక చేతిలో డ్రాయింగు, ఒక చేతిలో కారియర్. మామూలుగానే అందరూ లేచారు.

"కూర్చోండి. ఇందులో తప్పెక్కడుందో నాకు కనపడలేదు. మీకు కనపడిందట. చెప్పండి," అన్నాను.

పొడుగు మేస్త్రి తన గిన్నెలోకి చూస్తున్నాడు. వెల్డింగు అక్క మూతి తుడుచుకుని, "తిన్నాక చెప్పమంటావా, ముందే చెప్పమంటావా? ముందే చెప్తే నీకు ముద్ద దిగదు," అంది.

నేను కుర్చీ ఎక్కాక ఆ బల్ల దగ్గర నన్ను 'నువ్వు' అన్న మొదటి మనిషి.

"ముందే చెప్పు," అన్నాను.

పొడుగు మేస్త్రి లేచి, సగం కట్టిన చెక్క గదిలోకి తీసుకెళ్ళాడు. బెంచీ ఒకటి లోపలికి లాగి, దాని తల దగ్గర నిలబడబోయాడు. వీపు గోడకు ఆనింది. చేతులు కదల్లేదు.

"మా అమ్మ మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది మేడమ్. మంచం నేనే తోశాను. తల దగ్గర ఒక నర్సమ్మ నిలబడి గాలి సంచి నొక్కుతూనే ఉండాలి. ఆపితే మనిషి పోతుంది. మీ డ్రాయింగులో మంచం పట్టింది. నర్సమ్మ పట్టలేదు."

తగ్గిన మనిషి ఆవిడ.

"మరి గీత పెట్టలేదేం?" అని అడిగాను.

"మీరు ముందే ఇంకుతో సంతకం పెట్టి అంటిస్తున్నారు కదండీ."

"అయితే?"

"ఇదివరకు పెన్సిల్ సంతకంతో అంటించేవాళ్ళు," అంది అక్క. "గీతలన్నీ పడి, దిద్దాక ఇంకు పడేది. నీ కాగితం ఇంకుతోనే దిగుతోంది. అయిపోయిన పెళ్ళికి అక్షింతలు వేయడమేగా అని ఊరుకున్నాం."

నకళ్ళు స్పష్టంగా వస్తాయని ముందే ఇంకు పెట్టాను మామయ్యా. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. దాన్ని వాళ్ళు 'నోరు మూసుకోండి' అని చదువుకున్నారు. గీత పడకపోవడాన్ని నేను నా గొప్పతనం అని చదువుకున్నాను.

అప్పుడు జూన్ సంగతి చెప్పాను. నిలబడే చెప్పాను. విన్నాక పొడుగు మేస్త్రి, "జూనా? మేం సెప్టెంబరు దాకా ఆగుద్దనుకున్నాం," అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఈసారి ఎవరూ లేచి నిలబడలేదు.

"నెలకు ఆరుసార్లు వచ్చే ఇనుము లారీ ఒకసారి వస్తుంటే మాకు కళ్ళు లేవా?" అంది అక్క.

లిఫ్టు గది లోతు పెంచాలి. కానీ ఆసుపత్రి గోడలు కట్టేశారు, లిఫ్టు తిరిగే బావి పెరగదు. దానికీ దారి అక్కే చెప్పింది. లిఫ్టు పైకి పోతే కిందికి దిగే ఎదురు బరువుంది చూడండి, దాన్ని మనం ఎప్పుడూ గది వెనకే పెడతాం. "వెడల్పు మిగులుతోంది, లోతు చాలట్లేదు. వెనకున్నదాన్ని పక్కకి తోస్తే పోలా?" అంది.

"పట్టాలూ చట్రమూ అన్నీ మళ్ళీ గీయాలి," అన్నాను.

"గియ్యి. పదమూడు రోజులుంది. మేం ఏమన్నా ఊరేగింపుకి పోతున్నామా?"

కొత్త డ్రాయింగు పెన్సిల్ సంతకంతో అంటించాను. ఒక్క రోజులో ఇరవై ఏడు గీతలు. తొమ్మిది పనికిరానివి, పద్దెనిమిది పనికొచ్చేవి. ఊడ్చే ఆవిడ నేల దగ్గర గుండ్రంగా చుట్టి "గరుకు నేల వద్దు, రక్తం మరకలు పోవు" అని రాయించింది. ఆ పద్దెనిమిదిలో అదొకటి.

నేను భయపడింది కూడా జరిగింది. వారంలో ఇద్దరు ఫిట్టర్లు వేరే కంపెనీకి వెళ్ళిపోయారు. ఇద్దరూ మంచి చేతులే. ఆగమని అడగాలా వద్దా అన్నది ఎవరినీ సలహా అడగలేదు. అది నా ఒక్కదాని పని. వాళ్ళకు పిల్లలున్నారు, నా దగ్గర హామీ లేదు. అడగలేదు. మిగిలింది యాభై తొమ్మిది మందిమి.

28న ఆసుపత్రి హెడ్ నర్సు వచ్చింది. తన మంచం, తన మనుషులు. ఒకర్ని మంచం మీద పడుకోబెట్టి, తల దగ్గర తనే గాలి సంచి పట్టుకుని నిలబడి తలుపు వేయించింది. ఆరంతస్తులు పైకీ కిందికీ పోయేంత సేపు లోపలే ఉండి నొక్కింది. నాలుగు నిమిషాలు. బయటికొచ్చి, "మిగతా రెండు చోట్లా మోచేయి గోడకు కొట్టుకుంది. ఇక్కడ కొట్టుకోలేదు. ఎవరు ఆలోచించారిది?" అంది.

పొడుగు మేస్త్రి అక్కను ముందుకు తోశాడు. అక్క, "మంచం తోసినవాడు వీడు. గీత పెట్టింది నేను. చచ్చినట్టు మళ్ళీ గీసింది అదిగో, ఆవిడ," అంది.

హెడ్ నర్సు నాకు చెయ్యి కలిపింది. నా చేతికి పెన్సిల్ మసి ఉంది. తుడుచుకోలేదు.

నిన్న కాగితం వచ్చింది. ఇప్పుడు రెండు లిఫ్టులు. అవి ఏడాది నడిస్తే మిగతా రెండు. జూన్‌లో మూయడం లేదు. గేటు దగ్గర నిలబడి ఆ కాగితం నేనే పైకి చదివాను. పెద్దాయనకు కూడా వెళ్ళి చెప్పాను, చెడ్డ కబురూ మంచి కబురూ కలిపి. "ఇన్నాళ్ళూ దాచావా?" అని తిట్టి, మళ్ళీ మొత్తం చదివించుకున్నారు.

అద్దాల తలుపు అలాగే ఉంది. లెక్కలు చూసుకోవడానికి అది కావాలి. పన్నెండున్నరకు మాత్రం తీసే ఉంటుంది.

మీ మీద కోపం పోయింది. మీరు టీ తాగకుండా తిరిగిన తొమ్మిదేళ్ళు తలుచుకుంటే మాత్రం బాధ పోవడం లేదు.

పానాపిల్ల


ఆసుపత్రి, కింది అంతస్తు, చెవుల డాక్టరు గది ముందు బెంచీ
నవంబరు 17

పానాపిల్లా,

చెవులు చూపించుకోవడానికి వచ్చాను. చెవులకు మన ఊళ్ళో డాక్టర్లు లేరా అని మీ వదిన పలక మీద రాసింది. పలక అటు తిప్పేశాను. సాయంత్రం నేనూ వర్క్‌షాప్‌కి వస్తాను. నేను వచ్చేసరికి ఇది నీ చేతిలో ఉండాలని మీ వదినను ముందు పంపిస్తున్నాను. ఎదురుగా నిలబడి ఇవన్నీ చెప్పడం నాకు చేతకాదు.

పొద్దున తొమ్మిదికి వచ్చాను. నా చీటీ నంబరు ముప్ఫై ఎనిమిది. టైముంది కదా అని మీ లిఫ్టు ఎక్కాను. రెండోదీ ఎక్కాను. ఆరంతస్తులూ నాలుగుసార్లు పోయి వచ్చాను. నేల చూశాను, తలుపు అంచు చూశాను, గది పక్కనున్న సందు చూశాను. గీత పెట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని జేబులో పెన్సిల్ కూడా తెచ్చుకున్నాను. మూడో అంతస్తులో ఒక మంచం ఎక్కించారు. ముసలాయన. తల దగ్గర నర్సమ్మ నిలబడి సంచి నొక్కుతోంది. నేను మూలకు జరగబోయాను, జరగక్కర్లేకపోయింది.

ఐదోసారి ఎక్కితే లిఫ్టు నడిపే అమ్మాయికి అనుమానమొచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఏదో అడిగింది. ఎన్నో అంతస్తుకి అందో, నీకేం పనీ పాటా లేదా అందో, నాకు వినపడలేదు. ఏమడిగినా నా దగ్గరున్న జవాబు ఒకటే.

"మా మేనకోడలు చేసింది," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, లిఫ్టులో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. కానీ యాభై తొమ్మిది మంది పేర్లు చెప్పేలోపు ఆరో అంతస్తు వచ్చేస్తుంది. మీ లిఫ్టు అంత వేగం.

మామయ్య